చెప్పుకోదగ్గ సాక్ష్యం లేదనుకునే సహోదరికి

ప్రశ్న: నేను విశ్వాసుల కుటుంబంలో పుట్టి, సంఘంలోనే పెరిగాను. వచ్చే నెలలో బాప్తిస్మం తీసుకోబోతున్నాను. ఆ రోజు ఆరాధనలో అందరి ముందూ నా రక్షణ సాక్ష్యం చెప్పమని సంఘ పెద్దలు అడిగారు. ఇంతకుముందు సాక్ష్యం చెప్పినవాళ్లు తాగుడు నుంచీ, ఆత్మహత్య ఆలోచనల నుంచీ, జైలు జీవితం నుంచీ ప్రభువు తమను ఎలా విడిపించాడో చెబుతుంటే సంఘమంతా కన్నీళ్లు పెట్టుకుంది. నాకు అలాంటి అనుభవం ఒక్కటీ లేదు. ఆదివారపు బడి ఏనాడూ మానలేదు, పెద్దవాళ్ల మాట కాదనలేదు. బాప్తిస్మం కోసం ఇచ్చిన పత్రంలో ‘రక్షింపబడిన తేదీ’ అనే గడి ఉంది. అందులో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. చెప్పుకోదగ్గ సాక్ష్యం లేని నేను ఏం చెప్పాలి? మా నాన్నగారు ఒకప్పుడు తాగుడుకు బానిసై, తరువాత మారినవారు. ఆ సంగతితో మొదలుపెట్టవచ్చా? విశ్వాసి కాని నా స్నేహితురాలు కూడా ఆ రోజు వస్తానంది. ఆమెకు అర్థమయ్యేలా ఎలా మాట్లాడాలి? నేను రాసుకున్న చిత్తుప్రతిని జతచేస్తున్నాను. దయచేసి సరిదిద్దండి.
– ఒక సహోదరి

సమాధానం:

ప్రియ సహోదరికి ప్రభువు నామమున వందనములు.

మీ ఉత్తరాన్నీ, దానితో పంపిన చిత్తుప్రతినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఉత్తరం రాసిన మనిషి చిత్తుప్రతిలో ఎక్కడా కనిపించలేదు. ఆదివారపు బడి ఏనాడూ మానలేదని ఉత్తరంలో రాసిన మీరే, చిత్తుప్రతి మొదటి వాక్యంలో ‘లోకాశలలో మునిగిపోయి, చెడు స్నేహాలతో దారితప్పి, నిరీక్షణ లేకుండా తిరుగుతున్న నన్ను’ అని రాసుకున్నారు. ఈ మాటలు మీవి కావు. మీరు విన్న సాక్ష్యాల నుంచి ఏరి తెచ్చుకున్నవి. వాటిని మొదట పలికినవారి విషయంలో అవి నిజమే అయి ఉంటాయి, మీ విషయంలో మాత్రం కావు. అందుచేత ఆ చిత్తుప్రతిని సరిదిద్దే పని నేను పెట్టుకోవడం లేదు. దానికి బదులు, మీ ఉత్తరం చివర ‘ఇది చెప్పనవసరం లేదేమో’ అంటూ కుండలీకరణాల్లో రాసిన నాలుగు వాక్యాలను తీసుకోమని చెబుతాను. మీ అనుమతి ఉందన్న నమ్మకంతో, మిగతా పాఠకుల కోసం వాటిని ఇక్కడ ఇస్తున్నాను.

‘పదో తరగతి నుంచి ఒక చిన్న నోటు పుస్తకంలో ప్రతిరోజూ ప్రార్థన చేశానా, ఎన్ని అధ్యాయాలు చదివాను అని టిక్కులు పెట్టుకునేదాన్ని, తప్పిన రోజు ఎర్ర సిరాతో సున్నా చుట్టేదాన్ని. సున్నా పడిన రోజు దేవుడు నా మీద కోపంగా ఉన్నాడనీ, ఏదో చెడు జరుగుతుందనీ పడుకునేదాకా భయపడేదాన్ని. కిందటేడు రోమా పత్రిక చదువుతూ నాలుగో అధ్యాయం ఐదో వచనం దగ్గర ఆగిపోయి, ముందుకు వెళ్లలేక చాలాసేపు ఏడ్చాను. ఆ తరువాత టిక్కులు పెట్టడం మానేశాను, ఎందుకు మానేశానో ఎవరికీ చెప్పలేదు.’

సహోదరీ, చెప్పనవసరం లేదని మీరు పక్కకు నెట్టిన ఈ సంగతే మీ రక్షణ సాక్ష్యం. ఇంతకంటే స్పష్టమైన కృపా సాక్ష్యాన్ని మీరు కల్పించాలన్నా కల్పించలేరు.

మిమ్మల్ని ఆపేసిన ఆ వచనాన్ని, దానికి ముందున్న వచనంతో కలిపి మళ్లీ చదవండి. పనిచేసేవాడికి వచ్చే జీతం అతనికి చెల్లవలసిన బాకీయే గాని దానం కాదు అని చెప్పిన పౌలు, వెంటనే ‘పనిచేయక, భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చువానియందు విశ్వాసముంచువానికి వాని విశ్వాసము నీతిగా ఎంచబడుచున్నది’ అంటాడు. మీ నోటు పుస్తకం ఆ మొదటి వచనంలోని జీతపు లెక్క. టిక్కులు పెరిగిన నెలలో దేవుడు మీకు బాకీపడ్డాడనీ, సున్నాలు పెరిగిన నెలలో మీరే ఆయనకు బాకీపడ్డారనీ లెక్కవేసుకుంటూ, ఆ లెక్క ఏనాటికీ తేలక భయపడుతూ బతికారు. ఆ రోజు మీరు భక్తిపరుల వరుసలో నుంచి లేచి, వచనం పేర్కొన్న భక్తిహీనుల వరుసలో వచ్చి కూర్చున్నారు. దేవుడు ఉచితంగా నీతిమంతులుగా తీర్చేది ఆ వరుసలో ఉన్నవారినే. తాగుడు మానిన సహోదరుడు కూర్చున్నది కూడా అక్కడే. అక్కడికి చేరడానికి అతను వచ్చిన దారి వేరు, మీరు వచ్చిన దారి వేరు.

మన సంఘాల్లో సాక్ష్యం అనగానే, విశ్వాసులను హింసించడానికి వెళుతున్న పౌలుకు క్రీస్తు ఎదురైన దమస్కు మార్గమే అందరికీ గుర్తుకొస్తుంది. హింసకుడు అపొస్తలుడయ్యాడు, చీకటి పోయి వెలుగు వచ్చింది అనే ఆ చిత్రం మనసులో ఎంతగా నాటుకుపోయిందంటే, అదే పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో తన గతాన్ని పూర్తిగా వేరే విధంగా చెప్పుకున్న సంగతి మనం గమనించం. అక్కడ అతను విడిచిపెట్టానని చెప్పినవి పాపాలు కావు, పుణ్యాలు. ఎనిమిదో రోజున సున్నతి, ఇశ్రాయేలు వంశం, బెన్యామీను గోత్రం, పరిసయ్యుల నిష్ఠ, చివరకు ధర్మశాస్త్రం వలని నీతి విషయంలో అనింద్యుడననే పేరు, వీటిని ఒక్కొక్కటిగా పేర్చి, క్రీస్తును సంపాదించుకోవడానికి అవన్నీ నష్టమని ఎంచుకున్నానంటాడు. వాటితో పాటు ఆసక్తి విషయంలో సంఘాన్ని హింసించిన సంగతిని కూడా లాభాల జాబితాలోనే చేర్చడం చూస్తే, మనిషి తన భక్తి పేరుతోనే దేవునికి ఎంత దూరం వెళ్లగలడో అర్థమవుతుంది. వ్యసనాల నుంచి విడుదల పొందినవారు మన సంఘాల్లో ధైర్యంగా నిలబడి చెబుతున్నారు, అందుకు దేవునికి స్తోత్రం. తమ మంచితనం నుంచి విడుదల పొందినవారు మాత్రం తమకు సాక్ష్యమే లేదనుకుని వెనక వరుసల్లో కూర్చుండిపోతున్నారు. ఇది మన సంఘాలకు నష్టమని నా అభిప్రాయం, ఎందుకంటే ఏ ఆదివారమైనా ఆ మందిరంలో కూర్చున్నవారిలో రెండో రకంవారే ఎక్కువమంది ఉంటారు.

చరిత్రలో ఇలాంటివారు తక్కువేమీ కాదు. జాన్ వెస్లీ 1728 నాటికే అభిషేకం పొందిన గురువు. ఉపవాసాలూ, ప్రార్థనా వేళలూ క్రమం తప్పక పాటిస్తూ, తన దినచర్యను గంటల చొప్పున పుస్తకంలో రాసుకున్న మనిషి. సముద్రం దాటి అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్లి, నిరాశతో తిరిగివచ్చినవాడు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక చిన్న కూటంలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతుండగా వింటూ, రక్షణ కోసం తాను క్రీస్తునే, క్రీస్తును మాత్రమే నమ్ముకుంటున్నాననీ, తన పాపాలను సైతం ఆయన తీసివేశాడనే నిశ్చయం కలిగిందనీ అతను తన దినచర్యలో రాసుకున్నాడు. పండిత రమాబాయి 1883లో బాప్తిస్మం తీసుకున్నారు. కానీ తనకు దొరికింది క్రైస్తవ మతమే గాని క్రీస్తు కాదని ఆమె గ్రహించింది ఆ తరువాత కొన్ని సంవత్సరాలకు. ఆ మాటను దాచుకోకుండా 1907లో తన సాక్ష్యంలో రాసి ప్రచురించారు. వీరిద్దరి సాక్ష్యాల్లోనూ నేరాలు లేవు, వ్యసనాలు లేవు. భక్తి చాలా ఉంది, ఆ భక్తి మీద పెట్టుకున్న నమ్మకం కుప్పకూలిన సంగతి ఉంది.

మీరు ఏ పెద్ద పాపంలోనూ పడకపోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో దాన్ని దాదాపు ఒక లోపంలా రాశారు. నాలుగో శతాబ్దం చివర బిషప్పు అగస్టీను ‘ఒప్పుకోళ్లు’ అనే తన ఆత్మకథను రాస్తూ, రెండో భాగంలో, పడుచు వయసులో తాను చేసిన దొంగతనాన్ని చెప్పిన తరువాత ఒక విషయం అంటాడు: తాను చేయకుండా మిగిలిపోయిన చెడు ఏదైనా ఉంటే అది కూడా దేవుని కృప వల్లనే, కాబట్టి అలాంటి పాపాల్లో పడనివారు తనను చూసి నవ్వకూడదు, తమకు దేవుని కనికరం తక్కువ అవసరమైందని అనుకుని ఆయనను తక్కువగా ప్రేమించకూడదు, తనను బాగుచేసిన వైద్యుడే వారికి ఆ జబ్బు రాకుండా కాపాడాడు. పడినవారిని లేవనెత్తిన కృపే మిమ్మల్ని పడకుండా పట్టుకుంది. తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి చెప్పేటప్పుడు పౌలు అతని అవ్వ లోయిలోనూ, తల్లి యునీకేలోనూ మొదట నివసించిన విశ్వాసాన్ని తలచుకుంటాడు గాని, తిమోతికి దమస్కు మార్గం లేనందుకు చింతించడు. విశ్వాసుల ఇంట పుట్టడం మీ రక్షణ కాదు. అయినా అది మీ సాక్ష్యంలో కృతజ్ఞతతో చెప్పవలసిన మొదటి వాక్యం. దానికి సిగ్గుపడకండి.

మీ చిత్తుప్రతిలోని అతిశయోక్తి విషయానికి వస్తే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. వినేవారికి మేలు కలుగుతుందనే సదుద్దేశంతోనే చాలామంది గతాన్ని కొద్దిగా నల్లబరుస్తారు, ప్రస్తుతాన్ని కొద్దిగా తెల్లబరుస్తారు. క్రీస్తు లేవకపోయి ఉంటే తాము దేవుని విషయమై అబద్ధ సాక్షులమవుతామని పౌలు కొరింథీయులకు రాశాడు. దేవుడు చేయని పనిని ఆయన చేశాడని చెప్పడాన్ని అతను అంత భయంతో చూశాడు. దేవుడు మిమ్మల్ని చెడు స్నేహాల నుంచి విడిపించలేదు. అలా విడిపించాడని చెప్పి ఆయనను మహిమపరచలేరు. పైగా, ఆదివారపు బడిలో మీకు పాఠం చెప్పిన సహోదరి ఆ సభలోనే కూర్చుని ఉంటుందన్న సంగతి మరచిపోకండి.

ఇక తేదీ. కొందరికి తేదీ ఉంటుంది, వెస్లీకి ఉన్నట్టు. కొందరికి ఉండదు, తిమోతికి ఉందో లేదో లేఖనం చెప్పదు. లూకా రాసిన అపొస్తలుల కార్యముల పదహారో అధ్యాయంలో, ఒకే ఫిలిప్పీ పట్టణంలో ఇద్దరు రక్షింపబడ్డారు: చెరసాల నాయకుడికి అర్ధరాత్రి భూకంపం, కత్తి దూయడం, వణుకు, ‘రక్షణపొందుటకు నేనేమి చేయవలెను’ అనే కేక ఉన్నాయి; లూదియకు నది ఒడ్డున కూర్చుని వింటుండగా ప్రభువు ఆమె హృదయాన్ని తెరిచాడన్న ఒక్క వాక్యం మాత్రమే ఉంది. లూకా ఇద్దరినీ ఒకే రక్షణలోకి వచ్చినవారిగానే చూపించాడు. తేదీని తప్పనిసరి చేస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికాలోని మసాచుసెట్స్ ప్యూరిటను సంఘాల చరిత్ర చదవాలి. 1630ల నుంచి అక్కడ పూర్తి సభ్యత్వం కావాలంటే తన అంతరంగంలో కృప ఎలా పనిచేసిందో సంఘం ముందు వివరించి మెప్పించాలనే నియమం స్థిరపడింది. ఆ సంఘాల్లోనే పుట్టి, క్రమశిక్షణతో పెరిగిన పిల్లలు చాలామంది, పెద్దలకు ఉన్నటువంటి అనుభవ కథనం తమ దగ్గర లేక సభ్యత్వానికి బయటే ఉండిపోయారు. వారి పిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా వద్దా అన్న చిక్కు వచ్చి, చివరకు 1662లో పెద్దలు సమావేశమై, బాప్తిస్మానికి ఒప్పుకుంటూ ప్రభురాత్రి భోజనాన్ని మాత్రం నిరాకరించే ఒక మధ్యేమార్గాన్ని ఏర్పాటు చేయవలసి వచ్చింది. సాక్ష్యం అడగడంలో తప్పులేదు. అందరి సాక్ష్యమూ ఒకే అచ్చులో ఉండాలనడంలోనే ఆ చిక్కంతా ఉంది.

తేదీ ఉన్నవారి జీవితం కూడా ఆ తేదీ దగ్గర రెండు ముక్కలుగా తెగిపోదు. బానిసలను తరలించే ఓడల్లో పనిచేసిన జాన్ న్యూటన్ 1748లో నడిసముద్రపు తుఫానులో దేవునికి మొరపెట్టుకున్న దినాన్ని జీవితాంతం జ్ఞాపకం చేసుకున్నాడు. అయినా ఆ తరువాత కూడా అతను బానిస ఓడలకు నాయకుడిగా 1754 వరకు తిరిగాడు. ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ బహిరంగంగా రాసింది 1788లో. ఆ తుఫాను తరువాత కూడా చాలాకాలం వరకు తనను తాను పూర్తి అర్థంలో విశ్వాసిగా ఎంచుకోలేనని అతనే రాసుకున్నాడు. కనుక ఆ గడిలో మీకు గుర్తున్నది రాయండి: ‘విశ్వాసుల కుటుంబంలో పెరిగాను, కిందటేడు రోమా 4:5 చదువుతుండగా క్రీస్తు కృప మీద మాత్రమే ఆధారపడటం తెలిసింది.’ గడి చిన్నదైతే పక్కన ఉన్న ఖాళీలో రాయండి. పెద్దలు కచ్చితమైన రోజు కోసం పట్టుబడితే, తెలియదని వినయంగా చెప్పండి గాని, క్యాలెండరు చూసి ఒక ఆదివారాన్ని ఎంచుకోకండి.

మీ కుండలీకరణాల్లోని వాక్యాలే మీ సాక్ష్యమని చెప్పాను గాని, వాటిలో ఒక పెద్ద వెలితి ఉంది. టిక్కులు పెట్టడం మానేశానని రాశారు. మానేసినా భయపడనక్కరలేదని మీకు ఎందుకు అనిపించిందో రాయలేదు. క్రీస్తు పేరే ఆ వాక్యాల్లో లేదు. ఈ వెలితి పూడ్చకపోతే వినేవారికి మీరు అతి జాగ్రత్త నుంచి కొంత సడలింపుకు వచ్చారని మాత్రమే అర్థమవుతుంది, మనసుకు ఊరట దొరికిన ఏ మనిషైనా చెప్పుకోగలిగిన కథే అవుతుంది. రోమా నాలుగో అధ్యాయం ఐదో వచనం దగ్గరే ఆగకుండా చివరి వచనం వరకు చదవండి. ‘ఆయన మన అపరాధముల నిమిత్తము అప్పగింపబడి, మనము నీతిమంతులముగా తీర్చబడుటకై లేపబడెను’ అన్న మాటతో ఆ అధ్యాయం ముగుస్తుంది. మీ సున్నాల లెక్క ఊరికే కొట్టివేయబడలేదు. దాన్ని క్రీస్తు సిలువ మీద తీర్చాడు, తీరిందనడానికి దేవుడు ఆయనను లేపాడు. మీ సాక్ష్యంలో మీ గురించి ఎంత తగ్గించినా ఫరవాలేదు, ఈ రెండు వాక్యాలు మాత్రం తగ్గించకండి. అలాగే నోటు పుస్తకమే పాపమన్నట్టు కూడా మాట్లాడకండి. వాక్యపఠనానికి పట్టిక పెట్టుకుని మేలు పొందుతున్న సహోదరులు ఆ సభలో ఉంటారు; పుస్తకం చేసిన తప్పేమీ లేదు, దాన్ని దేవుని ముందు మీ హక్కుపత్రంలా పట్టుకోవడంలోనే తప్పు ఉంది.

చిత్తుప్రతిలో నన్ను ఆపిన వాక్యాలు మరో రెండు ఉన్నాయి. ఒకటి, ‘నా జీవితాన్ని ప్రభువుకు అప్పగించాలని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను, ఆ నిర్ణయానికి ఈనాటికీ కట్టుబడి ఉన్నాను’ అన్నది. నిర్ణయించుకోవడం తప్పు కాదు, పశ్చాత్తాపమూ విశ్వాసమూ మనిషి చేయవలసినవే. కానీ ఈ వాక్యంలో పనంతా మీదే, దేవుడు కేవలం అందుకున్నవాడు. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో పౌలు, మనం కృప చేతనే రక్షింపబడ్డామనీ, అది మన వలన కలిగింది కాదు దేవుని వరమేననీ చెప్పి, ఎవడూ అతిశయపడకుండా అలా జరిగిందని కారణం కూడా చెప్పాడు. పాపంలోని అతిశయాన్ని అందరూ గుర్తుపడతారు. సాక్ష్యంలోని అతిశయం అంత త్వరగా దొరకదు. దేవాలయంలో నిలబడిన పరిసయ్యుడు కూడా ‘దేవా, నీకు కృతజ్ఞతాస్తుతులు’ అంటూనే మొదలుపెట్టి, వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనలో పదో వంతు అంటూ తన నోటు పుస్తకం తెరిచాడు కదా. కాబట్టి ఆ వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: ‘నా ప్రార్థనలను బట్టే దేవుడు నన్ను అంగీకరిస్తాడనుకుని బతుకుతున్న నాకు, క్రీస్తును బట్టి ఆయన నన్ను ముందే అంగీకరించాడని తన వాక్యం ద్వారా తెలియజేశాడు, ఆయనను నమ్ముకున్నాను.’ మీరు చేసింది చివరి రెండు మాటల్లో ఉంది, అది చాలు.

రెండోది, ‘అప్పటి నుంచి నాకు భయమనేదే లేదు’ అన్నది. ఉత్తరంలో మీరే, ఇప్పటికీ ప్రార్థన తప్పిన రోజు లోపల ఎక్కడో పాత భయం కదులుతుందని రాశారు. అయితే ఆ మాటే సభలో చెప్పండి. భయం కదిలినప్పుడు ఇప్పుడు ఏం చేస్తున్నారో చెప్పండి, ఆ వచనం దగ్గరికే తిరిగి వెళుతున్నానని చెప్పండి. మీలాగే భయంతో కూర్చున్న మరో అమ్మాయికి, భయమే లేని మనిషి సాక్ష్యం కంటే ఆ మాట ఎక్కువ పనికొస్తుంది.

మీ నాన్నగారి సంగతి వారిదే. వారు తాగుడు నుంచి విడుదల పొందిన వృత్తాంతం ఎంత గొప్పదైనా, దాన్ని ఎప్పుడు, ఎవరి ముందు, ఎంతవరకు చెప్పాలో తేల్చుకునే హక్కు వారికీ, ఆ రోజుల్లో బాధలు పడిన మీ అమ్మగారికీ ఉంది. పైగా దానితో మొదలుపెడితే మీ ఐదారు నిమిషాలూ వారి కథకే సరిపోతాయి. సభ ఇంటికి తీసుకెళ్లేది నాన్నగారి సాక్ష్యాన్నే. వారిని అడిగి, వారు సంతోషంగా ఒప్పుకుంటే, ‘ప్రభువు మా నాన్నగారిని కనికరించిన ఇంట్లో నేను పెరిగాను’ అనేంతవరకు చెప్పండి. ఇదే నియమం మీ సొంత విషయాలకు కూడా వర్తిస్తుంది. బయటపెట్టడానికి మనసొప్పని తప్పులు ఏవైనా ఉంటే వాటిని దేవుని ముందూ, అవసరమైతే నమ్మకమైన ఒక పెద్ద సహోదరి దగ్గరా ఒప్పుకోండి. పూర్వం దూషకుడిని, హింసకుడిని, హానికరుడిని అని పౌలు తిమోతికి మూడు మాటల్లో రాసి, వెంటనే కనికరం పొందానన్న సంగతికి వెళ్లిపోయాడు.

మీ స్నేహితురాలి గురించి మీరు అడిగిన ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే సాక్ష్యం చెప్పేవారు వినేవారిని తలచుకోవడం అరుదు. పౌలు సాక్ష్యం అపొస్తలుల కార్యములలో అతని నోటనే రెండుసార్లు వినిపిస్తుంది. ఇరవై రెండో అధ్యాయంలో యెరూషలేములోని యూదుల గుంపుతో హెబ్రీ భాషలో మాట్లాడుతూ, తాను గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నాననీ, తన దగ్గరికి వచ్చిన అననీయ ధర్మశాస్త్రం ప్రకారం భక్తిపరుడనీ, యూదులందరి చేత మంచి పేరు పొందినవాడనీ చెబుతాడు. ఇరవై ఆరో అధ్యాయంలో అగ్రిప్ప రాజు ముందు అదే సంగతి చెప్పినప్పుడు అననీయ ప్రస్తావనే లేదు. ఆ ఆస్థానానికి అతని పేరుతో పని లేదు, అన్యజనుల దగ్గరికి క్రీస్తు తనను పంపిన సంగతి ముఖ్యం. సత్యం మారలేదు, ఎదుట ఉన్న మనుషులను బట్టి ఏది ఎంత చెప్పాలన్నది మారింది. అంత జాగ్రత్తగా చెప్పినా అక్కడే ఉన్న రోమా అధిపతి ఫేస్తు మధ్యలో అడ్డుపడి, నీకు వెర్రిపట్టిందని కేకవేశాడు. కాబట్టి మనం బాగా చెబితే అందరూ ఒప్పుకుంటారన్న హామీ ఏమీ లేదు.

మీ చిత్తుప్రతిని ఆమె చెవులతో ఒకసారి చదివి చూడండి. ‘రక్తములో కడుగబడి’, ‘లోకస్థురాలిగా’, ‘ఆత్మలో బద్దలై’ వంటి మాటలు సంఘంలో పెరిగిన మనకు తల్లిపాలతో వచ్చినవి, ఆమెకు కావు. కృప అన్న మాట వచ్చినచోట, అర్హత లేని మనిషికి దేవుడు ఉచితంగా చూపే దయ అని వెంటనే చెప్పండి. రక్షణ అన్నప్పుడు దేని నుంచి రక్షణో చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, మీ గతాన్ని చెబుతున్నట్టుగా ఆమె ఇంటివారి నమ్మకాలను చులకన చేసే ఒక్క మాట కూడా రానివ్వకండి. మీలోని నిరీక్షణకు కారణం అడిగేవారికి సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పమని పేతురు ఆజ్ఞాపించాడు. నిజానికి ఆమెకు మీ భయం సులభంగానే అర్థమవుతుంది. మంచి పనులు ఎన్ని చేస్తే చాలు అన్న ప్రశ్న సంఘం లోపల ఉన్నవారికి మాత్రమే వచ్చేది కాదు.

చెప్పవలసినదాన్ని మొదట రాసుకుని, బిగ్గరగా చదువుకుని, తరువాత కాగితం మీద నాలుగైదు గుర్తులు మాత్రమే ఉంచుకుని మాట్లాడండి. అగ్రిప్ప ముందు పౌలు చెప్పిన సాక్ష్యాన్ని నిదానంగా బయటికి చదివినా కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. మీకు ఇచ్చిన సమయం చాలదని భయపడకండి. ఆరాధన ముగిశాక మీ స్నేహితురాలు ప్రశ్నలు అడగవచ్చు, వాటిలో కొన్నింటికి మీ దగ్గర జవాబు ఉండకపోవచ్చు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో చూపు పొందిన మనిషిని పరిసయ్యులు యేసు గురించి నిలదీసినప్పుడు, ఆయన పాపియో కాడో తనకు తెలియదని ఒప్పుకుని, ‘ఒకటి మాత్రము నేనెరుగుదును’ అని తనకు జరిగినదాన్ని చెప్పాడు. మీరూ తెలియనిదాన్ని తెలియదని చెప్పి, పెద్దలను అడిగి తెలుసుకుని మళ్లీ మాట్లాడతానని ఆమెకు మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఆమె ఏమీ అడగకుండా వెళ్లిపోయినా బలవంతంగా అభిప్రాయం అడగవద్దు. ఎప్పటిలాగే స్నేహంగా ఉండండి.